పాట ఎవరికి దక్కింది?

నాటకంలో పాట అలంకారమా, అవయవమా అన్న చర్చ మనకు కొత్తది కాదు. పౌరాణిక నాటకాల్లో పద్యం ముగియగానే 'వన్స్‌మోర్' కేకలు లేవడమూ, అప్పుడే చనిపోయిన పాత్ర లేచి నిలబడి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చనిపోవడమూ మనం చెప్పుకుని నవ్వుకునే కథలే. ఆ నవ్వు వెనుక ఒక ఒప్పందం ఉంది. పాటకూ కథకూ చుట్టరికం లేదు. రెండూ ఒకే వేదిక మీద అద్దెకుంటున్నాయి, అంతే. న్యూయార్కులోని బ్రాడ్వే నాటకశాలల్లో 1940 నాటికి ఉన్న స్థితి ఇంతకంటే చాలా మెరుగైనదేమీ కాదు. కథ ఒక పక్క నడుస్తూ ఉండేది. మధ్యలో అందమైన అమ్మాయిల వరస ఒకటి వచ్చి నాట్యం చేసి పోయేది. పేరున్న గాయకుడు వచ్చి, ఆ కథలోదే కానక్కర్లేని పాట పాడి చప్పట్లు కొట్టించుకునేవాడు. ఆ పాట రేపు రేడియోలో వినిపిస్తే చాలు, రికార్డుగా అమ్ముడుపోతే చాలు.

ఈ ఒప్పందాన్ని రద్దు చేసిన వాళ్ళుగా ఇద్దరి పేర్లు చెబుతారు. స్వరకర్త రిచర్డ్ రాడ్జర్స్, రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్. 1943 నుంచి 1959 దాకా వీళ్ళిద్దరూ కలిసి రంగస్థలానికి తొమ్మిది సంగీత నాటకాలు రాశారు. ఈ తొమ్మిదింటిలో అయిదింటిని అమెరికాలో ఈనాటికీ బడి పిల్లల దగ్గర నుంచి వృత్తి నటుల దాకా ఆడుతూనే ఉన్నారు.

వీళ్ళ గురించి మనలో వినిపించే అభిప్రాయాలు రెండు. మొదటిది: ఇదంతా డబ్బున్నవాళ్ళ కాలక్షేపం, దీని మీద కాగితం దండగ. రెండవది దీనికంటే తెలివైనది: వస్తువు వాళ్ళది, మనకక్కర్లేదు, శిల్పం మాత్రం గొప్పది, దాన్ని తెచ్చుకుందాం. ఈ రెండో వాదన చేసేవాళ్ళు శిల్పాన్ని ఒక ఖాళీ చెంబు అనుకుంటారు. ఎవరి నీళ్ళు పోస్తే వాళ్ళవి అనుకుంటారు. నా వాదన వేరు. పాటను కథకు అవయవం చేసిన క్షణం నుంచీ, పాట దక్కని మనిషి ఆ కథలో సగం మనిషే అవుతాడు. పాట అలంకారంగా ఉన్నంతకాలం ఎవరు పాడినా ఒకటే, పాడకపోయినా ఒకటే. మనిషి అంతరంగం పాటలోనే తెరుచుకుంటుందని ప్రేక్షకుడికి అలవాటు చేశాక, పాట ఇవ్వకపోవడం కూడా ఒక తీర్పే. రాడ్జర్స్, హామర్‌స్టైన్‌లు అమెరికన్ రంగస్థలానికి ఇచ్చిన గొప్ప సాధనం ఇదే. వాళ్ళను పరీక్షించడానికి మనకున్న కొలత కూడా ఇదే.

మొదట సాధనం సంగతి చూద్దాం. రాడ్జర్స్ అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా లోరెంజ్ హార్ట్ అనే చమత్కార కవితో పనిచేశాడు. వాళ్ళ పద్ధతిలో సాధారణంగా బాణీ ముందు, మాటలు తర్వాత. మన సినిమా కవులు ట్యూనుకు మాటలు పొదగడం ఎట్లాంటిదో తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి వివరించనక్కర్లేదు. బాణీకి తన లెక్క ఉంటుంది. కవి ఎంత గొప్పవాడైనా ఆ లెక్కలో ఇమిడే తెలివినే చూపగలడు. హార్ట్ తెలివి అమోఘమైనది, కాని ఆ తెలివి పాత్రది కాదు, హార్ట్‌ది. ఎవరు పాడినా హార్టే వినిపిస్తాడు. హామర్‌స్టైన్‌తో కలిసినప్పుడు ఈ వరస తలకిందులైంది. మాటలు ముందు వచ్చాయి. హామర్‌స్టైన్ పెన్సిల్వేనియాలోని తన పొలం ఇంట్లో ఒక్కో పాట మీద వారాల తరబడి కూర్చునేవాడు. 'ఒక్లహామా!' తొలి పాటకు మూడు వారాలు పట్టిందంటారు. కాగితం చేతికందాక రాడ్జర్స్ పది నిమిషాల్లో స్వరం కట్టాడంటారు. ఈ పది నిమిషాల కథను స్వరకర్త ప్రతిభకు నిదర్శనంగా చెబుతుంటారు. నాకు మాత్రం అందులో పాత్ర మాట్లాడే తీరులోనే స్వరం అప్పటికే తయారై ఉందన్న సంగతి కనిపిస్తుంది.

'ఒక్లహామా!' 1943 మార్చి 31న సెయింట్ జేమ్స్ థియేటర్లో మొదలైంది. తెర లేస్తే అమ్మాయిల వరస లేదు. ఒక పెద్దావిడ వాకిట్లో కూర్చుని వెన్న చిలుకుతోంది. తెర వెనుక నుంచి ఒక పశువుల కాపరి గొంతు, వాద్యాల తోడు లేకుండా, పొద్దున్నే ఉన్న హాయి గురించి పాడుతూ వస్తుంది. ఇంతే. నాటకం కొన్ని నిమిషాలు నడిచేసరికి, తనతో రానన్న పిల్లను ఒప్పించడానికి అతను లేని బండిని ఉన్నట్టు వర్ణించి పాడతాడు. పాట మొదట్లో ఆమె మొహం తిప్పుకుని ఉంటుంది, చివరికొచ్చేసరికి ఆ బండిలో కూర్చున్నట్టే ఉంటుంది. పాట వల్ల ఇద్దరి మధ్య దూరం మారింది. పాట తీసేస్తే కథలో గొయ్యి పడుతుంది. మొదటి అంకం చివర ఆగ్నెస్ డి మిల్ కూర్చిన పావుగంట నృత్యంలో ఆ పిల్ల భయం, కోరిక కలగా వస్తాయి. అది కూడా కథే. ఆ నాటకం బ్రాడ్వేలో 2,212 ప్రదర్శనలు నడిచింది.

అయితే ఇదంతా ఈ ఇద్దరితోనే పుట్టిందనడం అబద్ధం. హామర్‌స్టైనే 1927లో జెరోమ్ కెర్న్‌తో కలిసి 'షో బోట్' రాశాడు. మార్క్ బ్లిట్జ్‌స్టైన్ 1937లో ఉక్కు కార్మికుల సంఘం మీద 'ది క్రేడిల్ విల్ రాక్' రాస్తే, ప్రదర్శనశాలకు తాళం పడింది. నటులు మరో హాలుకు నడిచి వెళ్ళి ప్రేక్షకుల మధ్య కుర్చీల్లోంచి లేచి పాడారు. చరిత్ర పుస్తకాలు దాన్ని ఒక వింతగా చెప్పి, 'ఒక్లహామా!'ను ఒక యుగంగా చెబుతాయి. డబ్బు గెలిచినచోట యుగం మొదలవుతుందన్నమాట.

సాధనం పదును చూడాలంటే 'ఒక్లహామా!' కంటే 1945 నాటి 'కరసెల్' చూడాలి. కరసెల్ అంటే రంగులరాట్నం. హంగేరియన్ రచయిత ఫెరెంక్ మోల్నార్ 1909లో రాసిన 'లిలియం' నాటకాన్ని బుడాపెస్టు నుంచి అమెరికా ఈశాన్య తీరానికి తెచ్చారు. బిల్లీ బిగెలో రంగులరాట్నం దగ్గర కేకలేసి జనాన్ని పిలిచేవాడు. ఉన్న పని పోయింది. కట్టుకున్న జూలీ మిల్లులో పనిచేసే పిల్ల. రాత్రి వేళ దాటి బయట ఉన్నందుకు ఆమె పనీ పోయింది. ఇద్దరూ బంధువుల పంచన ఉన్నారు. భార్య గర్భవతి అని బిల్లీకి తెలుస్తుంది. అప్పుడతను వేదిక మీద ఒంటరిగా ఏడెనిమిది నిమిషాలు పాడతాడు. దాని పేరే 'స్వగతం' అని అర్థం వచ్చే మాట. మోల్నార్ నాటకంలో ఈ ఘట్టం కొద్దిపాటి మాటల్లో తేలిపోతుంది.

ఆ పాట నడక చూడండి. మొదట కొడుకు పుడతాడన్న గర్వం. వాడు ఎట్లా ఉంటాడు, ఏ పని చేస్తాడు, ఎవడి మాటా వినడు అని మీసం మెలేసినట్టు పాడతాడు. ఆ గర్వంలో తన జీవితం మీద తనకున్న కసి తొంగి చూస్తుంది. తనకు దొరకని పనులన్నీ కొడుక్కి వరసగా ఇస్తాడు. ఉన్నట్టుండి ఆగుతాడు. ఆడపిల్ల అయితే? స్వరం మారుతుంది, వేగం తగ్గుతుంది. కొడుకుతో తిరగడానికి డబ్బక్కర్లేదు, కూతురిని పెంచాలంటే కావాలి. ఇక అక్కడి నుంచి పాట డబ్బు గురించే. సంపాదించాలి, లేకపోతే దొంగతనం చెయ్యాలి, లేకపోతే చావాలి. పాట మొదలైనప్పుడు దోపిడీకి రమ్మన్న స్నేహితుడికి ఇంకా మాట ఇవ్వని మనిషి, పాట ముగిసేసరికి ఇవ్వబోతున్నాడు. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అన్న చట్రంలో ఇది జరగదు. ఎందుకంటే పల్లవికి తిరిగి రావడం అంటే మనిషి మొదలుపెట్టిన చోటికే తిరిగి రావడం. ఈ పాటలో మనిషి తిరిగి రాడు. నిరుద్యోగి ఒకడు నేరస్థుడు కావడం అనే సామాజిక ప్రక్రియను ఎనిమిది నిమిషాల సంగీతంలో, ఉపన్యాసం మాట ఒక్కటి లేకుండా చూపించిన ఘట్టం ఇది. మన కథా రచయితలు దీన్ని కూర్చుని చదువుకోవాలి. దోచుకోబోయేది మిల్లు యజమాని బాస్కూంబ్‌ని. అతనికి నాటకంలో పాట లేదు. అతనికి పాట అక్కర్లేదు, మిల్లు ఉంది.

తర్వాత రచయిత భయపడ్డాడు. బిల్లీ తనను తాను పొడుచుకుని చస్తాడు. పైలోకం నుంచి ఒకరోజు సెలవు మీద కూతుర్ని చూడ్డానికి వస్తాడు. తలెత్తుకుని నడవమని ధైర్యం చెప్పే సామూహిక గీతంతో నాటకం ముగుస్తుంది. మనసున్నవాడు కొట్టినా నొప్పి ఉండదన్న అర్థంలో జూలీ కూతురికి జవాబిచ్చే ఘట్టాన్ని ఈనాటి ప్రేక్షకులు సహించలేకపోతున్నారంటే తప్పు ప్రేక్షకులది కాదు. ఎనిమిది నిమిషాల్లో చూపించిన నిజాన్ని చివరి పది నిమిషాల్లో ఓదార్పు కింద పాతిపెట్టారు.

ఇక కొలత సంగతి. బళ్ళో నాటకం పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత పాత్రల జాబితా రాయించడం మా పంతుళ్ళ అలవాటు. ఈ నాటకాలు చదువుతూ నేను కూడా జాబితా రాసుకున్నాను. పక్కన ఒక గడి గీసి ఎవరికి ఏ పాట అని నింపుకున్నాను. ఆ గడి నాకు చాలా నేర్పింది.

'ఒక్లహామా!'లో జడ్ ఫ్రై అని ఒక పాలేరు ఉన్నాడు. కథానాయిక లారీ ఇంట్లో కూలికి పనిచేస్తూ, మాంసం పొగబెట్టే కొట్టంలో పడుకుంటాడు. మంచివాడు కాడు. లారీని భయపెడతాడు, చివరికి కత్తి దూస్తాడు. అయినా హామర్‌స్టైన్ అతనికి ఒక పాట ఇచ్చాడు. ఆ కొట్టంలో ఎలుకలు, సాలెగూళ్ళ మధ్య ఒంటరిగా ఉన్నవాడి కల, కోపం కలిసిన పాట అది. 'లోన్లీ రూమ్' దాని పేరు. తిండి బుట్టల వేలంలో లారీ బుట్ట కోసం జడ్ తన రెండేళ్ళ కూలి పొదుపు, 42 డాలర్ల 31 సెంట్లు, సెంటు మిగల్చకుండా పాడతాడు. కథానాయకుడు కర్లీ తన జీను, గుర్రం, తుపాకీ అమ్మి 53 డాలర్లకు గెలుస్తాడు. ఊరంతా కర్లీ పక్షం. అంతకుముందే కర్లీ ఆ కొట్టానికి వెళ్ళి, నువ్వు ఉరేసుకుంటే ఊరంతా ఎట్లా ఏడుస్తుందో అని వేళాకోళంగా పాడి, జడ్‌నే ఆ పాటలో కలుపుకుంటాడు. హాలు నవ్వుతుంది. జడ్ చనిపోయాక లారీ ఇంట్లోనే అయిదు నిమిషాల్లో విచారణ జరిపి, కర్లీ నిర్దోషి అని తేల్చి కొత్త దంపతుల్ని బండెక్కిస్తారు.

1955లో ఈ నాటకం సినిమా అయినప్పుడు 'లోన్లీ రూమ్' పాటను తీసేశారు. మిగిలింది దుర్మార్గుడైన పాలేరు ఒకడు. తొలి ప్రదర్శనలో జడ్ వేషం వేసిన హోవర్డ్ డ సిల్వా 1951 తర్వాత వామపక్ష భావాల నేరానికి బ్లాక్‌లిస్టుకెక్కి హాలీవుడ్‌లో పని లేకుండా పోయాడు. ఈ రెంటికీ సంబంధం అంటగట్టను. కాని రెండూ ఒకే కాలపు గాలిలో జరిగాయి. 2019లో డేనియల్ ఫిష్ అనే దర్శకుడు బ్రాడ్వేలో ఇదే నాటకాన్ని దాదాపు మాట మార్చకుండా మళ్ళీ ఆడించాడు. కొట్టం ఘట్టాన్ని చీకట్లో నడిపాడు. చివర జడ్ నెత్తురు పెళ్ళిబట్టల మీద చిమ్మింది. ఆ బట్టలతోనే వాళ్ళు రాష్ట్ర గీతం పాడారు. పాత పాటలోనే ఇదంతా ఉందన్నమాట. నవ్వు దాన్ని కప్పింది.

జాబితాలో పేరే లేనివాళ్ళు వేరే ఉన్నారు. ఈ కథ జరిగేది 1906లో, 'ఇండియన్ టెరిటరీ' అని పిలిచిన నేల మీద. చెరొకీలు మొదలైన ఆదివాసీ జాతులను తూర్పు నుంచి తరిమి, ఇది మీదే అని చెప్పి ఉంచిన నేల అది. 1907లో ఆ హామీని చింపి రాష్ట్రం చేశారు. నాటకంలో ఆ రాష్ట్రం రాబోతోందని పండుగ చేసుకుంటారు. భూమి మాదని, ఆ భూమి గొప్పదని పాడతారు. రైతుకూ పశువుల కాపరికీ ఉన్న కంచె తగాదాకు ఒక పాట ఉంది. ఆ నేల ఎవరిదో వాళ్ళు ఒక్కరు కూడా వేదిక మీద లేరు. మూల నాటకం 'గ్రీన్ గ్రో ది లైలాక్స్' (1931) రాసిన లిన్ రిగ్స్ చెరొకీ రక్తం ఉన్నవాడు, ఆ నేల మీద పుట్టినవాడు. ఆయన నాటకం చివర ఇరుగుపొరుగువాళ్ళు అమెరికా ప్రభుత్వం తమకు పరాయిదని, తమలో ఇండియన్ నెత్తురుందని తిరగబడి మాట్లాడతారు. కర్లీ విచారణ కూడా అందులో తేలదు. హామర్‌స్టైన్ రిగ్స్ సంభాషణల్ని ఎంతో మర్యాదగా, చాలాచోట్ల యథాతథంగా వాడుకున్నాడు. ఆ మాటల్ని మాత్రం వదిలేశాడు. 1953లో ఆ నాటకం చివరి పాటే ఒక్లహామా అధికార రాష్ట్ర గీతమైంది. 2020లో అమెరికా సుప్రీంకోర్టు ఆ రాష్ట్రపు తూర్పు భాగంలో పెద్ద మేర నేరచట్టం దృష్ట్యా ఇప్పటికీ క్రీక్ జాతి రిజర్వేషనే, ఆ హామీని కాంగ్రెసు ఎన్నడూ రద్దు చేయలేదు అని తీర్పు చెప్పింది. కోర్టుకు గుర్తున్నది పాటకు గుర్తులేదు.

హామర్‌స్టైన్‌ను జాత్యహంకారి అనడం ఇక్కడ తేలిక, అన్యాయం కూడా. ఆయన నిజాయితీ గల ఉదారవాది. 1936లోనే హాలీవుడ్ నాజీ వ్యతిరేక సంఘంలో ఉన్నాడు. 1949 నాటి 'సౌత్ పసిఫిక్'లో ఆయన రాసిన రెండు నిమిషాల పాట ఒకటి, వర్ణద్వేషం పుట్టుకతో రాదు, చిన్నప్పుడే శ్రద్ధగా నేర్పితే వస్తుంది అని చెబుతుంది. ఆ పాట తీసేయమని సలహాలొచ్చాయి. ఇద్దరూ ఒప్పుకోలేదు. 1953లో నాటకం అట్లాంటాలో ఆడాక జార్జియా శాసనసభ్యులు ఇద్దరు దాన్ని మాస్కో ప్రేరణ అన్నారు; ఇట్లాంటివాటిని నిషేధించే బిల్లు తెస్తామన్నారు. పాట నిలబడింది. 1958 సినిమాలో కూడా ఉంది. ఇది చిన్న విషయం కాదు. ఆ నాటకంలో వర్ణద్వేషంతో పెనుగులాడే నర్సు నెల్లీది ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్. 1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లల్ని హైస్కూల్లోకి రానీయకుండా సైనికుల్ని నిలబెట్టింది ఆ ఊళ్ళోనే.

ఇప్పుడు గడి చూడండి. ఆ పాట పాడే లెఫ్టినెంట్ కేబుల్ ప్రేమించిన పిల్ల లియాట్. ఆమెకు పాట లేదు. మాటలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆమె తల్లి బ్లడీ మేరీ కూతురి ప్రేమ గురించి హుషారుగా పాడుతుంటే, లియాట్ పక్కన కూర్చుని చేతులతో అభినయిస్తుంది. ఈ తల్లీకూతుళ్ళు ఎవరు? టాంకిన్ వాళ్ళు. అంటే ఉత్తర వియత్నాం నుంచి ఫ్రెంచి తోటలకు ఒప్పందపు కూలీలుగా ఓడల్లో తెచ్చిన జనం. మన గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి బర్మాకు, మారిషస్‌కు, నెటాల్‌కు వెళ్ళినవాళ్ళ బంధువులే అనుకోండి. నాటకం మొదలైన 1949లో ఆ వియత్నామే ఫ్రెంచివాళ్ళతో యుద్ధం చేస్తోంది. నాటకంలోని తోట యజమాని ఫ్రెంచివాడు, కథానాయకుడు, అందరికంటే గొప్ప పాటలు అతనివి. అతని నల్లని పిల్లల్ని నెల్లీ చివరికి దగ్గరికి తీసుకుంటుంది. ఆ పిల్లల తల్లి కథకు ముందే చనిపోయింది. కేబుల్ కూడా చనిపోతాడు, కనుక లియాట్‌తో పెళ్ళి అన్న ప్రశ్న మిగలదు. వర్ణద్వేషం తప్పని తెల్లవాడు తెల్లవాళ్ళకు పాడి చెప్పాడు. ద్వేషానికి గురైన మనిషి నోరు విప్పలేదు. ఉదారవాదం ఎంత దూరం నడవగలదో, ఎక్కడ ఆగుతుందో ఈ ఒక్క గడి చూపిస్తుంది.

ఈ జబ్బు 'షో బోట్' నాటిదే. అందులో ఓడరేవు కూలీ పాడే నది పాట మనకు పాల్ రాబ్సన్ గొంతులో తెలుసు. భూపేన్ హజారికా దాని ప్రేరణతోనే అస్సామీలో తన నది పాట కట్టాడు. హామర్‌స్టైన్ రాసిన కూలీ అలసిపోయి, చావుకు భయపడుతూ లొంగిపోయే మనిషి. రాబ్సన్ 1930ల చివరి నుంచీ సభల్లో ఆ మాటలు మార్చి, చచ్చేదాకా పోరాడతానని పాడాడు. హామర్‌స్టైన్‌కు కోపం వచ్చింది, నా మాటలు మార్చే హక్కు ఎవరికీ లేదన్నాడు. రచయితగా ఆయన కోపం నాకర్థమవుతుంది. కాని ఆ పాట ఇవాళ లోకంలో ఎట్లా బతికుందో చూస్తే, పాడే మనిషికే తీర్పు దక్కిందనాలి.

1951 నాటి 'ది కింగ్ అండ్ ఐ' గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సయాం రాజుకు ఇంగ్లీషు పంతులమ్మ నాగరికత నేర్పే కథ. రాజుకు సందేహాల పాట ఇచ్చారు, అది మంచి పాట. కాని వచ్చీరాని ఇంగ్లీషులో ఇచ్చారు. నిజమైన మోంగ్‌కుట్ రాజు 27 ఏళ్ళు భిక్షువుగా ఉండి ఖగోళశాస్త్రం చదివినవాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం ఎక్కడ, ఎప్పుడు కనిపిస్తుందో స్వయంగా లెక్కగట్టాడు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ మన గుంటూరు వచ్చి చూసిన గ్రహణం అదే. ఆ పంతులమ్మ ఆనా లియోనోవెన్స్ తాను వేల్స్‌లో పుట్టానని చెప్పుకుంది. పరిశోధకులు తేల్చిన ప్రకారం ఆమె పుట్టింది అహ్మద్‌నగర్‌లో. అంతఃపుర స్త్రీలు తెల్లవాళ్ళ గౌన్లు తొడుక్కుని పాశ్చాత్యుల్ని వెక్కిరించే పాట ఒకటి నాటకంలో ఉంది. 1956 సినిమాలో అదీ లేదు. ఆ సినిమాను థాయిలాండ్ నిషేధించింది.

బ్రెహ్ట్ మార్గం దీనికి పూర్తిగా ఎదురు. మాట వేరు, సంగీతం వేరు, దృశ్యం వేరు అని స్పష్టంగా విడదీసి చూపాలన్నాడు ఆయన. పాట మొదలైతే నటుడు పాత్రలోంచి బయటికొచ్చి పాడుతున్నట్టు తెలియాలి. అతుకు కనిపించాలి. రాడ్జర్స్, హామర్‌స్టైన్‌లు అతుకు కనిపించకుండా కుట్టారు. బ్రెహ్ట్ పక్షం తీసుకుని వీళ్ళను కొట్టిపారేయడం సులువు. నేను ఆ పని చేయను. బిల్లీ స్వగతం లాంటిది అతుకు కనిపించే పద్ధతిలో రాదు. మనిషి మనసులో జరిగే మార్పును లోపలి నుంచి చూపడానికి ఈ కుట్టు కావాలి. కాని ఎవరిని లోపలికి తీసుకుని కుట్టారో, ఎవరిని బయట వదిలారో కనిపించకుండా చేసేది కూడా ఈ కుట్టే.

ఈ మాట నాకంటే ముందు వాళ్ళ శిష్యుడే నాటకంగా చెప్పాడు. స్టీఫెన్ సోండ్‌హైమ్ చిన్నప్పుడు హామర్‌స్టైన్ ఇంటికి పొరుగున ఉండేవాడు. పదిహేనేళ్ళ వయసులో బడి కోసం రాసిన సంగీత నాటకం పట్టుకెళ్ళి చూపించాడు. ఇంత చెత్త నేను చదవలేదని చెప్పి, హామర్‌స్టైన్ ఆ మధ్యాహ్నమంతా కూర్చుని మొదటి రంగసూచన నుంచి ఎక్కడ ఏం తప్పో విప్పి చెప్పాడు. పంతులుగా నాకు అసూయ కలిగించే ఘట్టం ఇది. ఒక కుర్రవాడి రాతను అంత గౌరవంగా తిట్టిన గురువులు మనలో ఎందరు? ఆ శిష్యుడు 1976లో 'పసిఫిక్ ఓవర్చర్స్' రాశాడు. 1853లో అమెరికన్ యుద్ధనౌకలు జపాన్ తలుపు బద్దలు కొట్టిన కథ. చెప్పేది జపాన్ వాళ్ళు, నటులు ఆసియా సంతతి వాళ్ళు. ఒప్పందం జరిగిన గుడారంలో ఏం మాట్లాడుకున్నారో చరిత్రలో ఎక్కడా లేదని మొదలయ్యే ఒక ఘట్టం ఉంది. అప్పుడు చెట్టెక్కి చూసిన పిల్లవాడు ముసలివాడై వచ్చి పాడతాడు. అతనికి కనిపించింది, వినిపించలేదు. నేల కింద దాక్కున్న సైనికుడు పాడతాడు. అతనికి వినిపించింది, కనిపించలేదు. గుడారంలోని పెద్దమనుషులకు ఆ ఘట్టంలో పాట లేదు. గురువు ఇచ్చిన సాధనంతోనే గురువు గడిని తిరగరాశాడు శిష్యుడు. రెండు వందల ప్రదర్శనలైనా నడవలేదు.

గురువుల చివరి నాటకం 1959 నాటి 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్'. మన ఇంగ్లీషు మీడియం బడుల వార్షికోత్సవాల్లో పిల్లలు పాడే సరిగమల పాట అందులోదే. ఆస్ట్రియాను నాజీలు మింగబోతున్న 1938 నాటి కథ. నాటకంలో కెప్టెన్ పెళ్ళాడబోయే ధనికురాలు ఎల్సా, మిత్రుడు మాక్స్ కలిసి అతనికి ఒక పాట పాడతారు. రానున్నది ఎట్లాగూ ఆగదు, నీ సంగతి నువ్వు చూసుకో, ఎదురు తిరిగి ఏం సాధిస్తావ్ అన్న నీతి దానిది. బాణీ ఎంతో హుషారైనది, వింటే కాలు కదులుతుంది. ఫాసిజంతో సర్దుకుపోయే మర్యాదస్తుల తర్కాన్ని ఇంత తియ్యగా, ఇంత నిర్దాక్షిణ్యంగా వినిపించిన పాట బ్రాడ్వేలో అంతకుముందు నేను ఎరగను. ఆ పాట అయ్యాకే కెప్టెన్, ఎల్సా విడిపోతారు. నాజీల దగ్గర తల వంచాలా వద్దా అన్న దగ్గర విడిపోతారు. హామర్‌స్టైన్ 1960 ఆగస్టులో చనిపోయాడు. 1965 సినిమాకు రాడ్జర్స్ మాటలు కూడా తానే రాసి రెండు కొత్త పాటలు ఇచ్చాడు. మాక్స్, ఎల్సాల పాట అందులో లేదు. ఎల్సా వెళ్ళిపోతుంది, కెప్టెన్ మనసు మారియా మీద ఉందని తెలిసి.